జియోక్యాచింగ్: అక్షాంశాల అన్వేషణ, ఓరుగల్లు నేల

జియోక్యాచింగ్ అనేది ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని తెలిపే పరికరాన్నో మొబైల్ ఫోనునో చేతబట్టుకొని, మరొకరు ఎక్కడో అమర్చి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించిన చిన్న పెట్టెను వెతికి పట్టుకొనే ఆరుబయటి వ్యాపకం. ఆ పెట్టెను క్యాచ్ అంటారు. అందులో తప్పనిసరిగా ఉండవలసింది సంతకాల పుస్తకం ఒక్కటే. పెట్టె దొరికినవారు ఆ పుస్తకంలో తమ మారుపేరు, తేదీ రాసి, పెట్టెను ఉన్నచోటనే ఉన్నట్టుగా ఉంచి, ఇంటికి వెళ్లాక ఆ సంగతిని వెబ్‌సైటులో నమోదు చేస్తారు. పెద్ద పెట్టెల్లో బొమ్మలు, తాళపుచెవి గొలుసులు వంటి చిన్న వస్తువులుంటే, ఒకటి తీసుకున్నవారు దానికి సమానమైనదో అంతకంటే మెరుగైనదో మరొకటి పెట్టడం ఆచారం. ఇందులో పందెం లేదు, నగదు బహుమతి లేదు, వెతకడమే ఫలం.

దారి చూపేది ఉపగ్రహమే అయినా, చివరి నాలుగైదు మీటర్లలో అక్కరకొచ్చేది వెతికేవారి చూపూ, ఆ చోటి మనుషుల సమ్మతీ మాత్రమే. అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో ఈ క్యాచ్‌లు లక్షల సంఖ్యలో ఉండగా, భారతదేశంలో ఇవి చాలా పలుచగా, ప్రధానంగా మహానగరాల్లోనూ పర్యాటక స్థలాల్లోనూ కనిపిస్తాయి. అందువల్ల వరంగల్‌లోని చేనేత పేట కొత్తవాడ నుంచి కాకతీయుల కోట వరకు ఉన్న నేలను ఉదాహరణగా తీసుకొని, ఈ వ్యాపకం పుట్టుక, పనితీరు, దానికి తోడ్పడే ఆన్‌లైన్ సాధనాలు, అది ఇక్కడ ఏ రూపంలో ఇమడగలదన్న విషయాలను పరిశీలించడం సముచితం.

పుట్టుక

అమెరికా సైన్యం నిర్వహించే జీపీఎస్ ఉపగ్రహ వ్యవస్థ మొదట్లో పౌరులకు అందించే సంకేతాల్లో ఉద్దేశపూర్వకంగా తప్పును కలిపేది. దాంతో సాధారణ పరికరం చూపే స్థానం వంద మీటర్ల వరకు పక్కకు జరిగి ఉండేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశం మేరకు 2000 మే నెల మొదటి రోజుల్లో ఆ కల్తీని నిలిపివేయడంతో, ఒక్క రాత్రిలో పౌర పరికరాల కచ్చితత్వం సుమారు పదింతలు పెరిగింది. కొత్త కచ్చితత్వాన్ని పరీక్షించాలనుకున్న డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు మే 3న ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన అడవి అంచున ఒక బకెట్టులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు వంటి వస్తువులు ఉంచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఉపగ్రహ నావిగేషన్ ఔత్సాహికుల ఇంటర్నెట్ చర్చాబృందంలో ప్రకటించాడు. కొద్దిరోజుల్లోనే మైక్ టీగ్ దాన్ని కనుగొని, అలాంటి స్థానాల జాబితాను ఒకచోట చేర్చడం మొదలుపెట్టాడు. మే నెలాఖరుకు మాట్ స్టమ్ ఈ ఆటకు ఇప్పుడున్న పేరును సూచించాడు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ జియోక్యాచింగ్ డాట్ కామ్‌ను ప్రారంభించాడు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద తెలిసిన క్యాచ్‌లు 75 మాత్రమే. ఐరిష్ మరో ఇద్దరితో కలిసి స్థాపించిన గ్రౌండ్‌స్పీక్ సంస్థ సియాటిల్ కేంద్రంగా ఆ సైటును నేటికీ నడుపుతున్నది. ఇప్పుడు క్యాచ్‌ల సంఖ్య ముప్పై లక్షలను మించింది. తొలి బకెట్టు ఉన్న చోట ఒక స్మారక ఫలకం నిలిపారు.

పెట్టెను దాచి సంతకాలు సేకరించే పద్ధతి మాత్రం ఉపగ్రహాలకంటే చాలా పాతది. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడు భూముల్లో 1854లో జేమ్స్ పెరాట్ అనే మార్గదర్శి, అంత దూరం నడిచి వచ్చినవారు తమ చీటీలు వదిలి వెళ్లడానికి ఒక సీసాను ఉంచగా, అక్కడి నుంచి లెటర్‌బాక్సింగ్ అనే ఆట పెరిగింది. ఆ ఆటలో ఆధారం వర్ణన, దిక్సూచి; జియోక్యాచింగ్‌లో ఆధారం అంకెలు.

అంకెలు ఎంత దూరం తీసుకువెళ్తాయి

పోచమ్మ మైదాన్ సమీపంలోని కొత్తవాడ సుమారు 17.98 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.60 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. రెండు దశాంశ స్థానాలతో చెప్పిన ఈ స్థానం పేటను సూచించగలదే గాని ఇంటిని సూచించలేదు. ఎందుకంటే డిగ్రీలో నూరోవంతు నేలమీద సుమారు 1.1 కిలోమీటర్లకు సమానం. అందుకే జియోక్యాచింగ్‌లో డిగ్రీలను, ఆపైన నిమిషాలను, ఆ నిమిషాల్లో మూడు దశాంశ స్థానాలను రాసే పద్ధతి స్థిరపడింది. ఆ ప్రకారం పై స్థానం ఉత్తరం 17 డిగ్రీల 58.800 నిమిషాలు, తూర్పు 79 డిగ్రీల 36.000 నిమిషాలు అవుతుంది. చివరి అంకె ఒకటి మారితే వరంగల్ అక్షాంశం వద్ద ఉత్తర దక్షిణాలుగా సుమారు 1.84 మీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 1.77 మీటర్లు జరిగినట్టు లెక్క. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాల మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి ఈ రెండు విలువలూ సమానంగా ఉండవు.

అంకెలు ఇంత సూక్ష్మంగా ఉన్నా పరికరం అంత సూక్ష్మంగా ఉండదు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ పంపే సంకేతాలు పరికరానికి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాలను లెక్కిస్తారు. స్థానం, కాలం కలిపి తేలడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. ఆకాశం బాగా కనిపించే మైదానంలో సాధారణ ఫోను సుమారు ఐదు మీటర్ల లోపు తప్పుతో స్థానం చెబుతుంది. ఇరువైపులా డాబాలున్న ఇరుకు సందులో మాత్రం సంకేతం గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా చేరడం వల్ల తెరమీది బాణం గుర్తు ఒక క్షణం కుడివైపు ఇంటి గుమ్మం మీద, మరుక్షణం ఎడమవైపు మగ్గాల షెడ్డు మీద నిలుస్తుంది. నాలుగు అడుగులు వేసేసరికి వెనక్కు తిరగమంటుంది. కొత్తవాడ వంటి పేటలో అనుభవం ఉన్నవారు అలాంటప్పుడు బాణాన్ని అనుసరించడం మానేసి, సందు చివరి ఖాళీ స్థలంలో ఒకటి రెండు నిమిషాలు నిలబడి స్థానం కుదుటపడ్డాక, మిగిలిన దూరాన్ని అడుగులతో కొలుచుకుంటారు. పెట్టెను అమర్చేవారు కూడా ఒకే కొలతను నమ్ముకోకుండా, వేర్వేరు వేళల్లో తీసిన కొలతల సగటును ప్రకటించడం మంచి పద్ధతి.

ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నడుపుతున్న గగన్ వ్యవస్థ జీపీఎస్ తప్పులను సరిదిద్దే సంకేతాలను భారత గగనతలానికి అందిస్తున్నది. దీనికితోడు 2013 జూలై 1న తొలి ఉపగ్రహ ప్రయోగంతో మొదలై 2016 ఏప్రిల్‌లో నావిక్ అన్న పేరు పొందిన స్వదేశీ వ్యవస్థను కూడా కొన్ని ఫోన్లు స్వీకరించగలవు.

అక్షాంశ రేఖాంశాలకు ఆధారమైన భూగోళ నమూనా ఏదో తెలియకపోతే వాటికి అర్థం లేదన్న విషయానికి తెలుగు నేలతో సన్నిహిత సంబంధం ఉన్నది. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు వద్ద మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే, దాదాపు అర టన్ను బరువున్న కోణమాపక యంత్రంతో దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. 1818లో హైదరాబాదులో ఆయనకు ముఖ్య సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్‌కు అప్పగించిన తొలి పెద్ద పని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీయడం, అక్కడి జ్వరాలకు ఆయన ఆరోగ్యం చెడి కొంతకాలం దక్షిణాఫ్రికా తీరానికి వెళ్లవలసి వచ్చింది. ఆ కొలతల పరంపర నుంచి 1830లో రూపొందిన ఎవరెస్ట్ భూగోళ నమూనా మీదనే భారత సర్వేక్షణ విభాగం పాత పటాలు ఆధారపడ్డాయి. జీపీఎస్ వాడేది 1984 నాటి ప్రపంచ నమూనా. పాత సర్వే పటం మీద చదివిన అంకెలను నేరుగా ఫోనులో కొడితే వంద మీటర్లకు పైగా తేడా రావచ్చు. కొత్తవాడలో అంత తేడా అంటే వేరే వీధి. 2005 జాతీయ పటాల విధానం తరువాత ప్రజల కోసం వెలువడిన సర్వే పటాలు ప్రపంచ నమూనాలోనే ఉండటం ఈ చిక్కును చాలావరకు తొలగించింది.

క్యాచ్‌ల రకాలు

ప్రకటించిన స్థానంలోనే పెట్టె ఉంటే అది సంప్రదాయ క్యాచ్. ఒక చోట దొరికిన సమాచారం మరో చోటికి దారి చూపుతూ పోతే బహుళ దశల క్యాచ్. ముందుగా ఒక చిక్కుప్రశ్నను విప్పితేనే అసలు స్థానం తెలిసేది మిస్టరీ క్యాచ్. ప్రతి క్యాచ్‌కు వెతకడంలో కష్టాన్ని, చేరుకోవడంలో కష్టాన్ని వేర్వేరుగా ఒకటి నుంచి ఐదు వరకు కొలిచి చెబుతారు. వేలి కొన అంత పెట్టె నుంచి పెద్ద డబ్బా వరకు పరిమాణాన్నీ తెలుపుతారు. అంకె రాసిన లోహపు బిళ్లను ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు ఆటగాళ్లు మోసుకుపోతుంటే దాని ప్రయాణాన్ని సైటులో చూడవచ్చు. వీటిని ట్రావెల్ బగ్‌లు అంటారు.

పెట్టె లేని రకాలు వరంగల్‌కు సంబంధించి మరింత ముఖ్యమైనవి. అమెరికా భూవిజ్ఞాన సంఘం చొరవతో 2004లో మొదలైన ఎర్త్‌క్యాచ్‌లో చూడవలసింది భౌగోళిక విశేషం. అక్కడికి వెళ్లి రాతిని, పొరలను పరిశీలించి, క్యాచ్ యజమాని అడిగిన ప్రశ్నలకు జవాబులు పంపితేనే అది దొరికినట్టు లెక్క. వర్చువల్ క్యాచ్‌లో ఒక స్మారకాన్నో దృశ్యాన్నో చూసి జవాబు చెప్పాలి, అయితే కొత్తవాటిని స్వీకరించడం 2005లో ఆపేసి, 2017 నుంచి కొందరికి మాత్రమే పరిమితంగా అవకాశం ఇచ్చారు. అడ్వెంచర్ ల్యాబ్ అనే రూపంలో ఫోను ఆ స్థలానికి చేరిందని యాప్ నిర్ధారించుకున్నాకే ప్రశ్న తెరుచుకుంటుంది.

ఆన్‌లైన్ సాధనాలు

ఈ వ్యాపకానికి మూలాధారం జాబితా సైటు. ఎవరైనా పెట్టె వివరాలు సమర్పిస్తే, స్వచ్ఛందంగా పనిచేసే పరిశీలకులు నియమాలకు లోబడి ఉందో లేదో చూశాకే ప్రకటిస్తారు. ఇంకో పెట్టెకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి, నేలలో పాతిపెట్టకూడదు, స్థల యజమాని అనుమతి ఉండాలి అన్నవి ఆ నియమాల్లో ప్రధానమైనవి. ప్రకటించిన పుటలో వర్ణన, స్థానం, కష్టం కొలత, దొరికినవారి దొరకనివారి నమోదులు, ఒక సూచన ఉంటాయి. ఆ సూచన చూడదలచుకోనివారి కంట పడకుండా రోమన్ అక్షరాలను పదమూడేసి స్థానాలు జరిపి రాస్తారు. ఈ పద్ధతి ఇరవై ఆరు అక్షరాల వర్ణమాలకే వర్తిస్తుంది కాబట్టి, తెలుగు లిపిలో రాసిన సూచన దాగకుండా యథాతథంగా కనిపిస్తుంది. తెలుగులో క్యాచ్ పుటలు రాయదలచినవారు ముందుగానే ఆలోచించుకోవలసిన చిన్న సాంకేతిక అడ్డంకి ఇది. దొరకలేదన్న నమోదుకు దొరికిందన్న నమోదుతో సమానమైన విలువ ఉన్నది. వరుసగా నాలుగైదు అలాంటివి కనిపిస్తే పెట్టె పోయిందేమో చూసుకోవలసిన బాధ్యత యజమానిది.

ఒకే సంస్థ చేతిలో జాబితా అంతా ఉండటం ఇష్టపడనివారు యూరప్‌లో ఓపెన్‌క్యాచింగ్ పేరిట దేశాలవారీ సైటులను నెలకొల్పారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో స్వచ్ఛంద సేవకులు రాసిన సీ:జియో యాప్ విస్తృతంగా వాడుకలో ఉన్నది. పటం మీద చుట్టుపక్కల క్యాచ్‌లను చూపడం, ఎంచుకున్నవాటిని ఫోనులో భద్రపరచి నెట్‌వర్క్ లేనిచోట కూడా తెరవనివ్వడం, దిక్సూచితో మిగిలిన దూరాన్ని చెప్పడం దాని ముఖ్య ఉపయోగాలు. ఐఫోను వాడేవారికి క్యాచ్‌లీ వంటివి ఉన్నాయి. వేల కొద్దీ క్యాచ్‌ల వివరాలను కంప్యూటర్‌లో వర్గీకరించుకోవడానికి జీశాక్ అనే ప్రోగ్రాము, ఆటగాళ్ల గణాంకాలకు ప్రాజెక్ట్ జీసీ, మిస్టరీ క్యాచ్ జవాబు సరిచూసుకోవడానికి జియోచెక్ వంటి సైటులు పుట్టుకొచ్చాయి. వీటన్నిటి మధ్య సమాచారం మార్పిడి కావడానికి జీపీఎక్స్ అనే ఫైలు రూపం ఉమ్మడి వాహకంగా పనిచేస్తుంది. స్థానాలను, నడిచిన దారిని, వర్ణనను సాదా పాఠ్యంగా మోసే ఈ రూపాన్ని చేతి పరికరాలు, ఫోన్లు అన్నీ చదవగలవు.

అయితే తెలుగు ప్రాంతంలో వీటన్నిటికంటే ఎక్కువ ప్రయోజనం చేకూర్చే సాధనం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ ఉమ్మడి పటాన్ని ఎవరైనా సవరించవచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. జియోక్యాచింగ్ యాప్‌ల ఆఫ్‌లైన్ పటాలు చాలావరకు దీని నుంచి తయారైనవే. వాహనాలు తిరిగే రోడ్లు ఉపగ్రహ చిత్రాలను చూసి దూరంగా ఉన్నవారైనా గీయగలరు గాని, రెండు వీధులను కలుపుతూ మనుషులు మాత్రమే పట్టే సందు, అందులోని గుడి, బోరింగు, చేనేత సహకార సంఘం భవనం అక్కడ తిరిగేవారు చేరిస్తేనే పటంలోకి వస్తాయి. ప్రతి చోటుకూ తెలుగు పేరును విడిగా నమోదు చేసే వెసులుబాటు ఉండటం వల్ల, కొత్తవాడ పేరు కొత్తవాడ వాళ్లు పలికే తీరులోనే, తెలుగు లిపిలోనే నిలుస్తుంది. పెట్టె ఒక్కటీ అమర్చకపోయినా, ఒక పేట సందులన్నిటినీ ఈ పటంలోకి ఎక్కించడం జియోక్యాచింగ్ అభిమానులు చేయగల అతి విలువైన పని. ఆ పటం తరువాత అంబులెన్సుకూ తపాలా బట్వాడాకూ కూడా పనికొస్తుంది.

స్వదేశీ సాధనాల్లో, హైదరాబాదు కేంద్రంగా ఉన్న జాతీయ దూరసంవేదన కేంద్రం 2009 ఆగస్టులో ప్రారంభించిన భువన్ వేదిక ఉపగ్రహ చిత్రాలను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. అదే సంస్థ, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌ల తోడ్పాటుతో తపాలా శాఖ 2025 మేలో విడుదల చేసిన డిజిపిన్, దేశాన్ని నాలుగేసి మీటర్ల గడులుగా విభజించి ఒక్కో గడికి పది అక్షరాంకెల సంకేతం ఇస్తుంది. ఇంటి నంబర్లు వరుస తప్పిన పాత పేటల్లో ఒక గుమ్మాన్ని సూచించడానికి ఇది అక్షాంశ రేఖాంశాలకంటే సులువు, కచ్చితత్వంలో జియోక్యాచింగ్ అవసరానికీ సరిపోతుంది. పటాలకు సంబంధించిన ప్రభుత్వ ఆంక్షలు కూడా 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో బాగా సడలాయి. జీపీఎస్ పరికరం వాడటానికి అనుమతి అక్కర్లేదు; ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలకు మాత్రం లైసెన్సు తప్పనిసరి, ఇది విదేశాల నుంచి వచ్చే తెలుగువారు గుర్తుంచుకోవలసిన తేడా.

ఓరుగల్లులో ఏది ఇముడుతుంది

వరంగల్ కోట, హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి, 1213లో ప్రతిష్ఠించిన, 2021 జూలైలో ప్రపంచ వారసత్వ హోదా పొందిన పాలంపేట రామప్ప గుడి వంటి చోట్లు పెట్టెలకు అనువుగా కనిపించినా నిజానికి అనువైనవి కావు. కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి చట్టం, దానికి 2010లో చేసిన సవరణ వర్తిస్తాయి. కట్టడానికి హాని కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రాళ్ల సందుల్లో చేయి పెట్టి వెతికే పదిమందిలో ఒకరు ఒక శిల్పపు ముక్కను కదిపినా జరిగే నష్టం తీరేది కాదు.

చట్టంకంటే బలమైన మరో కారణం స్థానికుల భయం. కాకతీయుల కాలం నాటి గుళ్లలో, గుట్టల మీద గుప్త నిధుల కోసం రాత్రివేళ తవ్వకాలు జరిపి, విగ్రహాలను పెకలించిన ఘటనలు తెలంగాణలో పదే పదే వార్తల్లోకి వస్తుంటాయి. పొద్దుగుంకే వేళ ఫోను చూసుకుంటూ పాడుబడిన గుడి చుట్టూ తిరుగుతూ రాళ్ల కింద తడిమే అపరిచితుడిని ఊరివాళ్లు అనుమానించడం సహజం, సమంజసం కూడా. హైదరాబాదులో 2007 ఆగస్టు 25న, 2013 ఫిబ్రవరి 21న జరిగిన పేలుళ్ల తరువాత, దిక్కులేని డబ్బాను ముట్టుకోవద్దన్న హెచ్చరిక బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో మైకుల ద్వారా ప్రతివారి చెవినా పడింది. పాశ్చాత్య దేశాల్లో ఈ ఆటకు ప్రాణమనుకొనే రహస్యం ఇక్కడ దానికి అవరోధమవుతుంది.

కాబట్టి ఇక్కడి చారిత్రక స్థలాలకు పెట్టె లేని రూపాలే తగినవి. కోటలోని నాలుగు కీర్తితోరణాల మధ్య నిలిచి ఏ తోరణం ఏ దిక్కున ఉందో, ఖుష్ మహల్ గోడల వాలు ఎటు ఉందో గమనించి జవాబు చెప్పే అడ్వెంచర్ ల్యాబ్ వల్ల ఒక్క రాయి కూడా కదలదు. ఏకశిల గుట్ట గ్రానైట్‌లో ఎండకూ వానకూ పొరలు ఎలా ఊడుతున్నాయో, రేగొండ సమీపాన పాండవుల గుట్టల ఇసుకరాయి దానికి ఎలా భిన్నమో పరిశీలించే ఎర్త్‌క్యాచ్‌లు భూగోళ పాఠానికి ప్రత్యక్ష పూరకాలు. వాటికీ స్థల నిర్వాహకుల అనుమతి అవసరమే.

కొత్తవాడ సంగతి వేరు. 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలకు, షత్రంజీలకు పేరుపడిన ఈ పేటలో ఇళ్లలోనే మగ్గాలుంటాయి, అరుగుల మీద నూలు పని సాగుతుంటుంది, వీధిలోకి వచ్చిన కొత్తవారిని ఎవరి ఇంటికని పలకరించకుండా పోనివ్వరు. ఇలాంటి చోట పెట్టెను దాచే ప్రయత్నంకంటే ఒక దర్రీల దుకాణానికో, సహకార సంఘానికో, గ్రంథాలయానికో అప్పగించడం ఉత్తమం. కొన్ని దేశాల్లో గ్రంథాలయాల పుస్తకాల బీరువాల్లో పెట్టెలు ఉంచే సంప్రదాయం ఇప్పటికే ఉన్నది. వెతికేవారు ఒక నమూనాలో ఎన్ని రంగుల నూలు వాడారో లెక్కపెట్టి, ఆ అంకెతో తాళం తీసే చిన్న పెట్టెను అడిగి తీసుకొనే ఏర్పాటు చేస్తే, నియమాల్లో కోరే యజమాని అనుమతి మొదటి రోజే సమకూరుతుంది, వచ్చినవారికి మగ్గం పనితో పరిచయమూ కలుగుతుంది. అయితే దుకాణానికి ప్రచారంగా మారే పుటలను పరిశీలకులు అంగీకరించరు కాబట్టి, కొనుగోలు ప్రస్తావన లేకుండా, నేత గురించే రాయవలసి ఉంటుంది.

పెట్టె, కాలం, జాగ్రత్తలు

ఆరుబయట ఉంచే పెట్టెకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలే అసలు పరీక్ష. మూతకు రబ్బరు వలయం ఉండి నాలుగు వైపులా బిగుసుకునే డబ్బాలో, సంతకాల పుస్తకాన్ని జిప్ కవరులో ఉంచి, తేమను పీల్చే సిలికా పొట్లం ఒకటి వేస్తారు. పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. లోపల తినుబండారాలు ఉంచితే చీమలు, ఎలుకలు చేరతాయి. వేసవిలో బండల మీద సాధారణ ప్లాస్టిక్ పగులుతుంది. డబ్బా లోపలి వస్తువులు బయటికి కనబడేట్టు పారదర్శకంగా ఉండటం, పైన తెలుగులో ఇది ఆట కోసం ఉంచినదని, సంప్రదించవలసిన వివరాలతో సహా రాసి ఉండటం మన పరిస్థితుల్లో తప్పనిసరిగా పాటించవలసినవి. సమీప పోలీసు స్టేషనుకు ముందే చెప్పి ఉంచడం అంతకన్నా మేలు.

వెతికేవారు రాతి సందుల్లో, పుట్టల పక్కన చేతులు పెట్టకుండా ముందు కర్రతో తట్టి చూడాలి. గ్రానైట్ గుట్టల పగుళ్లు పాములకు, తేళ్లకు సహజ నివాసాలు. పెట్టెలను పగటి వేళ మాత్రమే వెతకాలన్న షరతును పుటలోనే రాయవచ్చు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు. అనుమతితో వెళ్లేవారు కూడా అక్కడ చాలాచోట్ల ఫోను సంకేతాలు అందవు గనుక పటాలను, క్యాచ్ వివరాలను వరంగల్‌లో ఉండగానే ఫోనులోకి దించుకోవాలి. ఫోను సంకేతం అందకపోయినా ఉపగ్రహాల ద్వారా స్థానం తెలుస్తూనే ఉంటుంది. లేకుండా పోయేది పటం మాత్రమే. ఈ వ్యాపకంలో 2002 నుంచి చెత్త ఏరివేత కార్యక్రమాలు కూడా భాగమయ్యాయి. వెతుకుతూ తిరిగే దారిలో కనిపించిన ప్లాస్టిక్‌ను ఏరి తెచ్చే ఈ పద్ధతిని భద్రకాళి చెరువు గట్టు మీదనో, కోట కందకం వెంబడో అనుసరించడానికి పెట్టె గాని, యాప్ గాని అవసరం లేదు, ఒక సంచి ఉంటే చాలు.